మా సినిమా థీసిస్ ఎందుకు కాదు? మానవశాస్త్ర శాఖలకు ఒక బహిరంగ లేఖ

విశ్వవిద్యాలయాల అకడమిక్ కౌన్సిల్ సభ్యులకు, మానవశాస్త్ర శాఖాధిపతులకు, ఎథిక్స్ కమిటీల పెద్దలకు,

నమస్కారం.

మేం విజువల్ ఆంత్రోపాలజీ (మనుషుల జీవితాన్ని కెమెరాతో అధ్యయనం చేసే మానవశాస్త్ర విభాగం) చదువుతున్నవాళ్లం, చదివి బయటికి వచ్చినవాళ్లం. ఈ లేఖలో ఉన్న సంగతులన్నీ మా శాఖకు ముందే రాతపూర్వకంగా ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. మళ్లీ వెళ్లి అడిగితే ఫైలు కమిటీ దగ్గర ఉందన్నారు. కమిటీని అడిగితే శాఖ నుంచే రాలేదన్నారు. వేరే చోట్ల ఇదే కోర్సు చేస్తున్న మిత్రులను కదిపితే వాళ్లదీ ఇదే గోడు. అందుకని ఏ ఒక్కరినీ వేలెత్తి చూపకుండా మీ అందరికీ కలిపి రాస్తున్నాం.

మా ఫిర్యాదు చిన్నదే. కెమెరా చేతికిచ్చి మమ్మల్ని ఫీల్డ్‌కు పంపిస్తారు. నెలల తరబడి జనంలో ఉండి, వాళ్ల జీవితాన్ని తీసి, ఎడిట్ చేసి సినిమాగా తెస్తే "బాగుంది, మరి థీసిస్ ఎక్కడ?" అంటారు. సినిమా ఒక పెన్‌డ్రైవ్‌లో చేరి, బైండు చేసిన పుస్తకం వెనక అట్టకు అతికించిన కవర్లోకి పోతుంది. దాని పేరు అనుబంధం. ఎగ్జామినర్ దాన్ని తెరిచి చూశారో లేదో కూడా మాకు తెలియదు. మార్కులు మాత్రం పేజీలకు పడతాయి.

ఇది మార్కుల కోసం పడుతున్న తాపత్రయం అని మీకు అనిపించవచ్చు. కొంత నిజమే, మార్కులు మాకూ కావాలి. కానీ ఈ పద్ధతి వల్ల ఎక్కువగా నష్టపోయేది మేం కాదు, మా కెమెరా ముందు కూర్చుని మాట్లాడిన మనుషులు. ఈ లేఖ నలుగురి ముందు పెట్టడానికి కారణం అదే.

కెమెరా ఈ శాస్త్రంలోకి నిన్నో మొన్నో వచ్చింది కాదని మాకంటే మీకే బాగా తెలుసు. 1898లో కేంబ్రిడ్జ్ నుంచి ఆస్ట్రేలియాకు ఉత్తరాన ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లిన మానవశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ హాడన్ బృందం సామానులో సినిమా కెమెరా ఉంది. లూమియర్ సోదరులు పారిస్‌లో టికెట్టు పెట్టి జనానికి సినిమా చూపించి అప్పటికి మూడేళ్లు కూడా నిండలేదు. 1936లో బాలీ వెళ్లిన మానవశాస్త్రజ్ఞులు మార్గరెట్ మీడ్, గ్రెగరీ బేట్సన్ సుమారు 25,000 ఫొటోలు, 22,000 అడుగుల 16 ఎంఎం ఫిల్ము తీశారు. తల్లి బిడ్డను ఎలా ఎత్తుకుంటుంది, నాట్యం నేర్పే గురువు శిష్యుడి చేతులు పట్టుకుని ఎలా తిప్పుతాడు అన్నవి ఎన్ని పేరాలు రాసినా చదివేవాళ్లు ఊహించుకోవాల్సిందే తప్ప చూడలేరని వాళ్లకు తెలుసు. అదే మీడ్ 1975లో అచ్చయిన ఒక వ్యాసంలో సాటి మానవశాస్త్రజ్ఞుల మీదే విరుచుకుపడ్డారు. ఇన్ని పరికరాలు ఉండగా విద్యార్థులను ఇంకా పెన్సిలూ నోట్‌బుక్కూ ఇచ్చే పంపుతున్నారేమిటని ఆమె కోపం. ఇప్పుడు పరికరాలు కూడా ఇచ్చి పంపుతున్నారు. తెచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవడమే మిగిలింది.

ఇక అంశాలవారీగా చెబుతాం.

1. "సినిమాలో విశ్లేషణ ఏది?"

వైవాల్లో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షల్లో, మాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. సినిమా అంటే దృశ్యాల వరస, వాదన అంటే రాత అన్న నమ్మకం దీని వెనక ఉంది. 1971లో వెనెజువెలాలోని యానోమామీ అనే ఆదివాసీల ఊళ్లో సినిమా తీసే టిమ్ యాష్, మానవశాస్త్రజ్ఞుడు నెపోలియన్ షాగ్నన్ ఉండగా కర్రలతో, గొడ్డళ్లతో కొట్లాట జరిగింది. దాని మీద 1975లో వచ్చిన అరగంట సినిమాను ఒకసారి గుర్తు చేసుకోండి. మొదట కెమెరాకు చిక్కిన ఫుటేజీని దాదాపు ఉన్నదున్నట్టు చూపిస్తారు. ఎవరు ఎవరిని కొడుతున్నారో, ఎందుకు కొడుతున్నారో చూసేవాళ్లకు అర్థం కాదు. తర్వాత నల్లటి తెర మీద, తీసినవాళ్లు అప్పటికప్పుడు మాట్లాడుకున్న మాటలు వినిపిస్తాయి. గొడవకు కారణం ఇదీ అని వాళ్లు మొదట అనుకున్నది తప్పని తేలుతుంది. ఆపైన అదే ఫుటేజీని నెమ్మదిగా నడిపిస్తూ, మనుషులను గుర్తుపట్టిస్తూ, బంధుత్వ పటాలతో కొట్లాటలో ఎవరు ఏ పక్షమో విప్పి చెబుతారు. చిట్టచివర, చక్కగా ఎడిట్ చేసిన రూపం వస్తుంది. అప్పటిదాకా జరిగిందంతా చూశాం కాబట్టి, ఆ ఎడిటింగ్ ఎంత నున్నగా మనల్ని మోసం చేయగలదో కూడా అక్కడే తెలిసిపోతుంది.

సాక్ష్యం, పొరపాటు, దిద్దుబాటు, విశ్లేషణ, ఆ విశ్లేషణ మీదే ఒక అనుమానం. ఇవన్నీ అరగంటలో ఉన్నాయి. ఇది వాదన కాకపోతే ఏది వాదన? షాగ్నన్ ఫీల్డ్‌వర్క్ మీద తర్వాత పెద్ద వివాదాలే నడిచాయి. ఆ వివాదాల్లో మాట్లాడటానికి కూడా ఇలాంటి ఫుటేజీ మనకు పనికొస్తుంది.

సినిమా చేయలేని పనులున్నాయని మేమూ ఒప్పుకుంటాం. రెండు వందల ఏళ్ల భూమి తగాదాను, పన్నుల లెక్కలను, ముందు వచ్చిన సిద్ధాంతాలతో పడే పేచీని రాతే బాగా చెప్పగలదు. అందుకే రాత అసలే వద్దని మేం అనడం లేదు. సినిమా ప్రధాన సమర్పణగా, దానికి తోడుగా ఒక వ్యాసం ఉండేలా పద్ధతి పెట్టండి. ఆ వ్యాసం నిడివి మామూలు థీసిస్‌లో సగం లోపే ఉండాలి. ఇప్పుడు మేం పూర్తి థీసిస్సూ రాస్తున్నాం, పూర్తి సినిమా కూడా తీస్తున్నాం. రెండు డిగ్రీల పనికి ఒక డిగ్రీ ఇస్తున్నారు.

"అలాగైతే ఫోన్‌తో వీడియో తీసిన ప్రతివాడూ డాక్టరేట్ అడుగుతాడు" అని ఒక పెద్దాయన అన్నారట. అడగనివ్వండి. పనికిరాని సినిమా వస్తే ఫెయిల్ చేయండి. పనికిరాని థీసిస్‌లు రావడం లేదా, వాటిని ఎలా తూచాలో మీకు తెలియదా? మాకు కావలసింది తూచేవాళ్లు. సినిమా భాష తెలిసిన ఎగ్జామినర్ కనీసం ఒక్కరు ఉండాలి. సినిమాను మొదటి నుంచి చివరిదాకా చూశామని ఎగ్జామినర్లంతా రిపోర్టులో రాయాలి. ఈ రెండో కోరిక రాయాల్సి రావడమే మాకు సిగ్గుగా ఉంది, కానీ తప్పలేదు.

2. తీసింది నిజమో కాదో చెప్పే హక్కు ఎవరిది?

మాకు అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఇదే.

మూడు వందల పేజీల థీసిస్‌ను ఎవరి గురించి రాశామో వాళ్లలో ఎంతమంది చదవగలరు? చాలాసార్లు అది వాళ్ల భాషలో ఉండదు. ఉన్నా, మా శాస్త్ర పరిభాష దాటుకుని లోపలికి వెళ్లడం కష్టం. వాళ్ల గురించి మేం ఏం తేల్చామో వాళ్లకు తెలియకుండానే మాకు డిగ్రీ వచ్చేస్తుంది. సినిమా అలా కాదు. గోడకు దుప్పటి కట్టి వేసి చూపించినా చాలు, "ఇది తప్పు" అని పదేళ్ల పిల్లవాడు కూడా చెప్పగలడు.

ఫ్రెంచ్ మానవశాస్త్రజ్ఞుడు, సినిమా దర్శకుడు జాన్ రూష్ పశ్చిమ ఆఫ్రికాలోని నైజర్ నదిలో నీటిగుర్రాల వేట మీద 1951లో ఒక సినిమా చేశారు. తర్వాత దాన్ని ఆ వేటగాళ్ల ఊరికే తీసుకెళ్లి చూపించారు. వేట దృశ్యానికి ఆయన సంగీతం పెట్టారు. అది అక్కడి వేటపాటే, ఎక్కడి నుంచో తెచ్చింది కాదు. అయినా వేటగాళ్లు ఒప్పుకోలేదు. వేటలో చప్పుడు చేస్తే జంతువు పారిపోతుంది కదా, ఇక్కడ సంగీతం ఎందుకన్నారు. రూష్ ఆ సంగీతం తీసేశారు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ ప్రదర్శన తర్వాత అక్కడివాళ్లు ఆయనతో తమకు కావలసిన సినిమాల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరి గురించి తీస్తున్నామో వాళ్లనూ పనిలో కలుపుకునే భాగస్వామ్య మానవశాస్త్రాన్ని ఆయన ముందుకు తీసుకెళ్లారు. అది అలాంటి ప్రదర్శనల్లోంచే బలపడింది. నిపుణులు రాసే ఏ రిఫరీ రిపోర్టూ పట్టుకోలేని తప్పును ఆ వేటగాళ్లు పట్టుకున్నారు.

మరి మన దగ్గర ఏమవుతోంది? సినిమాకు విలువ లేదు కాబట్టి దాన్ని తిరిగి తీసుకెళ్లి చూపించడానికి సమయం లేదు, ప్రయాణ ఖర్చు లేదు. గడువు దగ్గరపడితే విద్యార్థి మొదట వదిలేసేది అదే. "అయిపోయాక తీసుకొచ్చి చూపిస్తాం" అని ఇచ్చిన మాట అక్కడితో పోతుంది. తర్వాత అదే ఊరికి ఇంకో విద్యార్థి వెళ్తే తలుపులు తెరుచుకోవు. తెరుచుకోకపోవడమే న్యాయం కూడా.

మేం కోరేది: తుది సమర్పణకు ముందు రఫ్ కట్‌ను (తుది మెరుగులు దిద్దని ఎడిట్‌ను) అందులో కనిపించినవాళ్లకు చూపించడం కోర్సులో తప్పనిసరి దశగా పెట్టండి. దానికి క్రెడిట్లు, గడువు, ప్రయాణ ఖర్చు కేటాయించండి. వాళ్లు ఏమన్నారో, దేన్ని మార్చామో, దేన్ని మార్చలేదో, ఎందుకు మార్చలేదో తోడు వ్యాసంలో రాయడం నియమం చేయండి. వాళ్లు చెప్పిందల్లా ఒప్పుకోవాలని మేం అనడం లేదు. ఊళ్లో పెత్తనం చేసేవాడు తనకు నచ్చని నిజాన్ని తీసేయమంటే తీసేయలేం. ఆ గొంతు కూడా రికార్డులో ఉండాలి, అంతే.

3. ఒక్క సంతకంతో అనుమతి అయిపోదు

పరిశోధనలో పాల్గొనేవాళ్లకు హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీలు ఇస్తున్న అనుమతి ఫారాలు ప్రశ్నావళులకు తయారుచేసినవి. "మీ పేరు, వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని అందులో ఉంటుంది. కెమెరా ముందు కూర్చున్న మనిషికి ఆ మాట ఎలా ఇవ్వగలం? రాతలో పేరు మార్చవచ్చు, ఊరి పేరు మార్చవచ్చు. ముఖాన్ని ఏం చేస్తాం? కమిటీని అడిగితే బ్లర్ చేయమంటారు. తన చేతి పని గురించి గర్వంగా చెబుతున్న మనిషి ముఖం మసక చేస్తే, చూసేవాళ్లకు ఏదో కేసులో నిందితుడిలా కనిపిస్తాడు. పైగా "నా పేరు వేస్తారు కదా?" అని అడిగేవాళ్లు చాలామంది. వాళ్లకు పేరు కావాలి, మనం గోప్యత అంటగడుతున్నాం.

ఇంకోవైపు, నిజంగా జాగ్రత్త కావలసిన చోట ఫారం నోరు మెదపదు. షూటింగ్ రోజున సంతకం పెట్టిన ఆమెకు తన మాటలు రెండేళ్ల తర్వాత ఎవరి మాటల పక్కన చేరతాయో తెలియదు. పండుగ రోజు సరదాగా అన్న మాట, ఎన్నికల సమయంలో ముక్కగా కోసి ఎవరో ఇంటర్నెట్లో పెడితే ఆమె కాపురానికో, ఉద్యోగానికో ముప్పు. పదేళ్ల వయసులో సినిమాలో కనిపించిన పిల్లవాడు పెద్దయ్యాక వద్దంటే ఏం చేయాలి? చనిపోయినవారి సంగతి మరొకటి. కొన్ని ఆదివాసీ సమాజాల్లో చనిపోయినవారి బొమ్మ, గొంతు, పేరు బయటపెట్టడం తీవ్రమైన బాధ కలిగిస్తుంది. అందుకే ఆస్ట్రేలియాలో అలాంటి సినిమాలకు ముందు హెచ్చరిక వేస్తారు. మన ఫారంలో ఈ ప్రశ్న లేనే లేదు.

1966లో పరిశోధకులు సోల్ వర్త్, జాన్ అడైర్ అమెరికాలోని నవాహో ఆదివాసీ ప్రజలకు సినిమా తీయడం నేర్పడానికి వెళ్లినప్పుడు అక్కడి పెద్దాయన ఒకరు అడిగారట, ఈ సినిమాల వల్ల గొర్రెలకు ఏమైనా కీడు జరుగుతుందా అని. జరగదన్నారు. పోనీ మేలు జరుగుతుందా అన్నారు. అదీ లేదని చెప్పాల్సి వచ్చింది. "మరి సినిమాలు తీయడం ఎందుకు?" అన్నారాయన. ఎథిక్స్ ఫారం ఒక్క ప్రశ్నతోనే నింపాలంటే మేం ఈ ప్రశ్నే పెడతాం.

అనుమతిని మూడు దశల్లో తీసుకునే పద్ధతి కావాలి: తీసేముందు, రఫ్ కట్ చూశాక, బయట ప్రదర్శించే ముందు. సంతకం పెట్టలేనివాళ్లు, పెట్టడానికి భయపడేవాళ్లు కెమెరా మీదే నోటిమాటగా అనుమతి ఇచ్చే వీలుండాలి. పరీక్షకు మాత్రమే చూపించాలా, చలనచిత్రోత్సవాలకు పంపవచ్చా, ఇంటర్నెట్లో పెట్టవచ్చా అన్నది వాళ్లే విడివిడిగా చెప్పాలి. పేరు కావాలన్నవారికి పేరు వేయాలి.

4. ఫుటేజీ ఎక్కడికి పోతోంది?

లెక్క చూడండి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంట ఫుటేజీకి 45 గిగాబైట్లు అవుతుంది. ఏడాది ఫీల్డ్‌వర్క్‌లో 80 గంటలు తీసినవాళ్ల దగ్గర 3.6 టెరాబైట్లు ఉంటుంది. జాగ్రత్తగా మూడు కాపీలు పెట్టుకుంటే 10.8. ఇదంతా విద్యార్థి సొంత డబ్బుతో కొన్న హార్డ్ డిస్కుల్లో, మంచం కింద పెట్టెలో ఉంటుంది. లైబ్రరీ పీడీఎఫ్ తప్ప ఇంకేదీ తీసుకోదు. సినిమాలో చేరింది ఒక గంట. మిగిలిన 79 గంటల్లో ఒక ముసలమ్మ పాడిన పాటలు, ఇప్పుడు మానేసిన పని ఒకటి మొదటి నుంచి చివరిదాకా చేసిన తీరు, మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్న భాషలో పెద్దల కబుర్లు ఉంటాయి. డిస్కు పాడైతే అవీ పోతాయి. ఎప్పుడో ఆమె మనవరాలు వచ్చి నానమ్మ గొంతు వినాలని అడిగితే మా దగ్గర జవాబు లేదు.

అమెరికన్ సినిమా దర్శకుడు జాన్ మార్షల్ 1950లలో దక్షిణ ఆఫ్రికా ఖండ భాగంలోని కలహారి ఎడారి ప్రాంతపు జుహోన్సీ ప్రజల మధ్య కుర్రవాడిగా తీయడం మొదలుపెట్టారు. 2000 దాకా సాగిన ఆ అర్ధ శతాబ్దపు ఫుటేజీ అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ఆర్కైవ్‌లో భద్రంగా ఉంది. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఒక సమాజం వేట, సేకరణల నుంచి కూలీకి, భూమి పోరాటానికి ఎలా వచ్చిందో వరసగా చూడగలుగుతున్నామంటే ఆ డబ్బాలను ఎవరో దాచబట్టే. ప్రతి విశ్వవిద్యాలయం ఆ స్థాయిలో చేయాలని మేం అడగడం లేదు. సర్వర్లో చోటు, వివరాలు రాసిపెట్టే ఒక ఉద్యోగి, ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించే నియమం, కనిపించినవాళ్లకు ఒక కాపీ. ఇవి చాలు.

5. సబ్‌టైటిల్స్ అంటే ఆషామాషీ కాదు

1968లో ఉగాండాలోని జియే పశుపాలకుల మధ్య డేవిడ్, జుడిత్ మెక్‌డూగల్ తీసిన సినిమాలో జనం మాటలకు సబ్‌టైటిల్స్ వేశారు. అంతకుముందు ఇలాంటి సినిమాల్లో ఒక వ్యాఖ్యాత గొంతు జనం తరఫున అన్నీ చెప్పేసేది. సబ్‌టైటిల్ వచ్చాకే చూసేవాళ్లకు ఆ మనుషులు మాట్లాడుతున్నట్టు అనిపించింది. మరి ఆ పని చేసేదెవరు? భాష తెలిసిన స్థానికులు. రెండు లైన్లలో, రెండుమూడు సెకన్లలో చదివేలా మాటను కుదించి, ఎత్తిపొడుపు ఎత్తిపొడుపుగానే ఉంచడం గొప్ప నైపుణ్యం. మా ప్రాజెక్టు బడ్జెట్లలో అనువాదకులకు పైసా ఉండదు. స్నేహం పేరు చెప్పి ఊరికే చేయించుకుంటున్నాం, టైటిల్స్‌లో "కృతజ్ఞతలు" అని వేసి చేతులు దులుపుకుంటున్నాం. వాళ్లకు కూలీ ఇవ్వడానికి నిధి కేటాయించండి.

6. శిక్షణ

కెమెరా వాడకం ఒక వారం వర్క్‌షాపులో ముగిస్తారు. శబ్దం గురించి ఎవరూ చెప్పరు. పాడైన మైకుతో తీసిన ఇంటర్వ్యూను మళ్లీ తీయలేం, మనిషి అదే మాట అదే తీరుగా రెండోసారి చెప్పడు. ఎడిటింగ్ మేం ఇంటర్నెట్లో చూసి నేర్చుకున్నాం. సిద్ధాంతం చెప్పే అధ్యాపకులు కెమెరా పట్టరు, కెమెరా నేర్పే టెక్నీషియన్‌కు ఫీల్డ్‌వర్క్ తెలియదు. ఈ ఇద్దరి మధ్య పడి విద్యార్థి చూడటానికి బాగున్నదాని వెంట పోతాడు, రంగురంగుల బట్టలూ డప్పులూ తీసుకొస్తాడు. 1922లో వచ్చిన రాబర్ట్ ఫ్లాహెర్టీ సినిమా 'నానూక్ ఆఫ్ ది నార్త్' కోసం, అప్పటికే తుపాకులు వాడుతున్న ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇనుయిట్లు ఈటెలతో వేటాడి చూపించాల్సి వచ్చింది. అందులో నానూక్‌గా కనిపించిన కథానాయకుడి అసలు పేరు అల్లకరియల్లక్ అని ఇప్పటికీ చాలామందికి తెలియదు. ఆ పొరపాటును క్లాసులో విమర్శించడం నేర్పుతున్నారు, ఫీల్డ్‌లో చేయకుండా ఉండటం నేర్పడం లేదు.

7. ఉద్యోగాలు, ప్రమోషన్లు

క్లుప్తంగా చెబుతాం. సినిమా తీసే అధ్యాపకులకు దాని వల్ల పాయింట్లు రావు కాబట్టి వాళ్లూ మానేస్తున్నారు, మాకు గైడ్లు దొరకడం లేదు. ఎథ్నోగ్రాఫిక్ సినిమాను, అంటే జనజీవితాన్ని అధ్యయనం చేస్తూ తీసే సినిమాను, ఫొటో పనిని నియామకాల్లో, ప్రమోషన్లలో ఎలా అంచనా వేయాలో అమెరికన్ ఆంత్రోపాలాజికల్ అసోసియేషన్ 2001లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని గ్రెనడా సెంటర్ 1987 నుంచి ఈ చదువు నడుపుతోంది, అక్కడ సినిమాతో డాక్టరేట్ చేయవచ్చు. నార్వేలోని ట్రోమ్సోలో, హార్వర్డ్‌లో కూడా సినిమాను పరిశోధనగా నేర్పుతున్నారు. దారి లేదనడానికి వీల్లేదు.

పై ఏడు అంశాలనూ వచ్చే అకడమిక్ కౌన్సిల్ సమావేశం అజెండాలో చేర్చండి. చర్చకు విద్యార్థుల ప్రతినిధులను పిలవండి. మా సినిమాల్లో కనిపించినవాళ్లలో కనీసం ఒక్కరిని కూడా పిలవండి, వాళ్ల ప్రయాణ ఖర్చు మీరే పెట్టుకోండి. ఈ ఏడాది సమర్పణకు సిద్ధంగా ఉన్న సినిమాలను పాత నియమాలతోనే చూడాల్సి వస్తే, కనీసం ఎగ్జామినర్లతో కలిసి ఒక హాల్లో, సరైన స్పీకర్లతో ప్రదర్శించండి. దీనికి కొత్త ఆర్డినెన్సు అక్కర్లేదు, శాఖాధిపతి ఒక్కరు తలుచుకుంటే చాలు. మా కోరికల్లో ఏదైనా కుదరదనిపిస్తే ఏది, ఎందుకు కుదరదో రాసి ఇవ్వండి. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు మాకు ఇప్పటికే అందింది.

ఇట్లు,
విజువల్ ఆంత్రోపాలజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు